పొద్దుటి గూడు, సాయంత్రపు దిమ్మ

ఆ అమ్మాయికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. శిక్షణ కేంద్రంలో అది హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరి నోటా వినపడదు. అందరికీ ఆమె ఎందుకమ్మ. చేరిన మొదటి రోజే ఆ పేరు సంపాదించుకుంది.

ఆ రోజు మాస్టారు ఇనుము అరగదీసే ఆకురాయిని చేతిలోకి తీసుకుని, "ముందుకు తోసేటప్పుడే నొక్కాలి. వెనక్కి లాగేటప్పుడు నొక్కకూడదు" అన్నారు. "ఎందుకు సార్?" అంది. పళ్లు ముందుకు వాలి ఉంటాయి, వెనక్కి నొక్కితే మొద్దుబారతాయి అన్నారాయన. అక్కడితో ఊరుకుంటే ఇంత కథ లేదు. "మరి రెండు వైపులా కోసే పళ్లు పెట్టొచ్చుగా, ఎందుకు పెట్టలేదు?" అంది. దానికీ ఏదో చెప్పారు. మధ్యాహ్నానికి వ్యవహారం, నేల మీద నూనె ఒలికితే రంపపు పొట్టే ఎందుకు చల్లాలి, ఇసుక ఎందుకు పనికిరాదు అనే దాకా వచ్చింది. సాయంత్రానికి మాస్టారు కణతలు నొక్కుకుంటూ కనిపించారు.

మాస్టారు మంచివాడే. ఇనుము గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ముద్దు కూడా ధ్వనిస్తుంది. కాకపోతే కోపం ముక్కు మీదే ఉంటుంది. వారం తిరక్కుండానే ఆయన ఒక చట్టం చేశారు. "ఇదిగో ఎందుకమ్మా, రోజుకి ఒక్కటే ప్రశ్న. రెండోది నోట్లోంచి వచ్చిందంటే చీపురు చేతికిస్తా, హాలంతా ఊడ్చాలి." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత రెండు మూడు సార్లు హాలు ఊడ్చాక నవ్వడం మానేసి, పొదుపు నేర్చుకుంది. పొద్దున లేవగానే ఆ రోజు ప్రశ్న ఏదో ఎంచుకోవడం మొదలుపెట్టింది. అలా మింగేసిన ప్రశ్నలు కడుపులో ఎన్ని పేరుకున్నాయో దేవుడికే తెలియాలి.

ఇంట్లో సంగతి వేరు. వాళ్ల నాన్న ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా పైకీ కిందకీ తిరుగుతూ, ఎక్కినవాళ్లని ఏ అంతస్తు అని తప్ప ఇంకో మాట అడగడు. ఏడుస్తూ ఎక్కేవాళ్లని ఎందుకని అడిగితే ఏం బాగుంటుంది? ఆ అలవాటే ఇంట్లోనూ. కూతురు నోరు తెరిస్తే, "అబ్బా, మళ్లీ మొదలెట్టావా" అంటాడు. శిక్షణలో చేర్పించేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒకటే. చివరి పరీక్ష పాసై, ఊరి చివర పంపులు తయారుచేసే కంపెనీ వాళ్లు తీసుకుంటే సరే. లేకపోతే నోరు మూసుకుని మేనమామ కొట్టులో కూర్చోవాలి.

మేనమామది ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. బకెట్లు, మగ్గులు, మూతలు తప్పిపోయిన డబ్బాలు. ఆయనకు కళ్లలో పెట్టుకుని చూసుకునే మేనకోడలంటే ఎంత ప్రేమో, జీతం అడగని మనిషంటే అంతకంటే ఎక్కువ ప్రేమ. ఒకసారి సెలవుల్లో ఆమెను కూర్చోబెట్టి చూశాడు. వచ్చినావిడను, "అంత పెద్ద బకెట్ ఎందుకండీ, మీ ఇంట్లో ఎంతమందేంటి?" అని అడిగింది. ఆవిడ బకెట్ అక్కడే పెట్టి వెళ్లిపోయింది. అయినా మామయ్య ఆశ వదులుకోలేదు. ఎందుకమ్మకు ఆ కొట్టు తలుచుకుంటే ఊపిరాడదు. బకెట్ గురించి అడగదగ్గవన్నీ ఆ ఒక్కరోజులోనే అడిగేసింది మరి.

శిక్షణ కేంద్రంలో రెండు బ్యాచ్‌లు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దున వచ్చేవాళ్లు చదువు మానేసినవాళ్లో, పూర్తి చేసి ఖాళీగా ఉన్నవాళ్లో. సాయంత్రం వచ్చేవాళ్లు పగలంతా ఏదో పని చేసుకుని అలిసిపోయి వస్తారు. ఒక్కో బల్లకు ఒక్కో వైస్. దాని ఇనుప దవడల మధ్య ముక్కను బిగించుకుని పని చేస్తారు. ఆ వైస్‌ను పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వాడతారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బల్ల కింద రెండు సొరుగులు, ఎవరిది వాళ్లదే. అవతలి సొరుగు ముట్టుకోకూడదనేది అక్కడ గట్టి నియమం.

చివరి పరీక్ష మాస్టారి సొంత ఆలోచన. కొలతలు వేసిన ఒక నక్షా ఇస్తారు. పొద్దుటివాళ్లు ఇనుప పలకలో చదరపు గూడు చెయ్యాలి. సాయంత్రంవాళ్లు ఆ గూట్లో పట్టే చదరపు దిమ్మ చెయ్యాలి. ఒకే బల్ల వాళ్లిద్దరూ ఒక జత. ఇద్దరూ నక్షాను చూసే చెయ్యాలి తప్ప ఒకరి పని ఒకరు చూడకూడదు. పరీక్ష రోజున రెండు బ్యాచ్‌లూ కలుస్తాయి. దిమ్మ గూట్లోకి బొటనవేలి ఒత్తిడికే జారాలి, కదలకూడదు, వెలుతురు కనిపించకూడదు. గాలి కూడా అడిగి పోవాలి అనేవారు మాస్టారు. జత కుదిరితే ఇద్దరూ పాసు. కుదరకపోతే ఇద్దరూ ఫెయిలు.

ఎందుకమ్మ ఆ రోజు ప్రశ్న దీనికే ఖర్చుపెట్టింది. "తప్పు ఒకరిదైతే ఇద్దరికీ శిక్ష ఎందుకు సార్?"

"పంపు కొన్నవాడు ఏ ముక్క ఎవరు చేశారో చూస్తాడా? నీళ్లు రాకపోతే పంపే పాడంటాడు" అన్నారు మాస్టారు. ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చినా భయం మాత్రం పోలేదు. తన బతుకు సగం ఎవరో తెలియని మనిషి చేతిలో ఉంది.

ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. మొహం లేకపోయినా ఆనవాళ్లున్నాయి. పొట్టిది కాబట్టి ఎందుకమ్మ కాళ్ల కింద చెక్క పీట వేసుకుని నిలబడుతుంది. రోజూ పొద్దున వచ్చేసరికి ఆ పీట గోడవారకు నెట్టేసి ఉంటుంది. అంటే పొడుగు మనిషి. వైస్ పిడిని తిప్పి వదిలే తీరు చూస్తే ఎడమచేతి వాటం. అన్నిటికంటే వింత, పిడి సందుల్లో తెల్లటి పొడి. వేలికి అంటించుకుని వాసన చూసింది. నాలుకకీ రాసుకుంది. గోధుమపిండి! బేకరీలో పనిచేసే మనిషన్నమాట. దాంతో ఆమె మనసులో ఒక పొడుగాటి కుర్రాడు తయారయ్యాడు. తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చి, సాయంత్రం ఇనుము అరగదీసే కుర్రాడు. పేరు పిండి మనిషి. రోజూ తన పని ముగిశాక పిడిని శుభ్రంగా తుడిచి, వైస్ దవడలు ఎడమ చేతికి అనువుగా తిప్పి పెట్టి వెళ్లేది. కొన్నాళ్లకు ఒక పొద్దున తన పీట గోడవార కాకుండా బల్ల కిందే ఉండటం చూసి, ఆ రోజంతా ఈల వేస్తూ పని చేసింది.

పరీక్ష దగ్గర పడింది. ఆమె గూడు దాదాపు పూర్తయింది. ఒకరోజు పొద్దున అందరికంటే ముందు వచ్చి బల్ల తుడుస్తుంటే, అవతలి సొరుగు సరిగ్గా మూసుకోలేదు. నూనెగుడ్డ కొస ఒకటి బయటికి వేలాడుతోంది. లోపలికి తోసి మూసేద్దామని లాగింది. గుడ్డలో దిమ్మ ఉంది. చూడటం తప్పు. చేత్తో పట్టుకోవడం ఇంకా తప్పు. ఇక వెంట్రుక వాసి తేడా కూడా పట్టేసే కొలత పనిముట్టు, పొద్దుటి బ్యాచ్ వాడే మైక్రోమీటర్, తెచ్చి దాన్ని కొలవడం ఎంత తప్పో చెప్పక్కర్లేదు. ఎందుకమ్మ మూడూ చేసింది. ఆమెనే అని ఏం లాభం, ఆ చేతులే అలాంటివి.

దిమ్మ అద్దంలా ఉంది. అంచులు మెత్తగా దిద్ది, బల్ల నంబరు కూడా చెక్కేసి ఉంది. అంటే పని అయిపోయినట్టే. కొలత మాత్రం నక్షాలో ఉన్నదానికంటే వెంట్రుక వాసి ఎక్కువ! కళ్లు నులుముకుని మళ్లీ కొలిచింది. పక్కకి తిప్పి కొలిచింది. అటూ అంతే ఎక్కువ, ఇటూ అంతే ఎక్కువ. చేయి తప్పినవాడిదైతే ఒక వైపు ఎక్కువా ఒక వైపు తక్కువా ఉంటుంది. ఇంత చక్కటి పనివాడు అన్ని వైపులా ఒకే వాసి తప్పు చేయడం ఏమిటి?

ఆ ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే మాస్టారు హాల్లోకి అడుగుపెట్టారు. కానీ ఆ రోజు ప్రశ్న ఆయన గేటు తాళం తీసేటప్పుడే అయిపోయింది, గోడ గడియారాన్ని ఎప్పుడూ ముందుకే ఎందుకు తిప్పుతారని అడిగి. పైగా ఇది అడిగితే సొరుగు తెరిచిన సంగతి చెప్పాలి. ఆమె దిమ్మను గుడ్డలో చుట్టి యథాస్థానంలో పెట్టేసింది.

ఈ దిమ్మ తన గూట్లో పట్టదు. పిండి మనిషి మళ్లీ పొయ్యి దగ్గరికి, తను బకెట్ల మధ్యకి. తప్పు చేసినవాడి మీద కోపం రావాలి కదా, రాలేదు. ఆ పిండి చేతులు తలుచుకుంటే జాలి వేసింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. గూడు తన చేతిలోనే ఉంది. ఇంకాస్త తీస్తే సరి. సన్నటి ఆకురాయి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నాలుగు గోడలూ సమానంగా అరగదీసింది. భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు దిమ్మను తెచ్చి ఒత్తి చూసింది. వెన్నలా జారింది. ఎంత సంతోషం వేసిందంటే, ఎవరో తెలియని మనిషిని తనే గట్టెక్కించినంత సంతోషం.

పరీక్ష రోజు హాలు కిటకిటలాడింది. పంపుల కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది. జుట్టు బిగించి ముడేసుకుని, మాటలు కూడా అలాగే బిగించి మాట్లాడే మనిషి. కుదిరిన జతల వాళ్లందరినీ తీసుకుంటామని ముందే చెప్పింది. ఎందుకమ్మ బల్ల పక్కకి ఒక పొడుగాటి ఆడమనిషి వచ్చి నిలబడింది. ఇరవై రెండో మూడో ఉంటాయి. మోచేతి మీద పొయ్యి కాల్చిన మచ్చలు, గోళ్ల అంచుల్లో తెల్లగా పిండి.

"మీరా?" అంది ఎందుకమ్మ నోరు వెళ్లబెట్టి.

"నేనే. ఏం, ఎవరనుకున్నావ్?"

"ఎవర్నో అనుకున్నాన్లెండి" అంది. ఇన్నాళ్లూ ఊహించుకున్న కుర్రాడు గాల్లో కలిసిపోయాడు. ఒక్క క్షణం దిగులేసిన మాట నిజమే కానీ, ఆవిడ నవ్వగానే దిగులు పోయింది. ఆ క్షణం నుంచే పిండక్క అని పిలవడం మొదలుపెట్టింది.

మొదటి జత ముందుకొచ్చింది. దిమ్మ గూటి అంచు మీదే ఆగిపోయింది. బొటనవేలు ఎర్రబడేలా ఒత్తినా దిగలేదు. మాస్టారి మొహం ముడుచుకుంది. రెండో జతా అంతే. మూడోదీ అంతే. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఒకమ్మాయి ఏడుపు మొదలెట్టింది. కంపెనీ మేడం చేతి గడియారం చూసుకుంది. ఎందుకమ్మ బల్ల వంతు వచ్చేసరికి పట్టిన జత ఒక్కటీ లేదు. పిండక్క దిమ్మను గూటి మీద పెట్టి వేలితో తాకింది. అది మెల్లగా, వయ్యారంగా లోపలికి జారిపోయింది. వెలుతురుకు పెట్టి చూస్తే చీకటే.

చప్పట్లే చప్పట్లు. పిండక్క ఎందుకమ్మను అమాంతం ఎత్తేసింది. "ఇంక ఆ పొయ్యి మొహం చూడను!" అంటూ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మిగిలిన జతలు కూడా వరసగా వచ్చాయి, వరసగా ఇరుక్కుపోయాయి.

మాస్టారు నడుము మీద చేతులు పెట్టుకున్నారు. "నక్షా అదే, పనిముట్లు అవే. ఒక జత పట్టిందంటే పనిముట్లు బాగానే ఉన్నట్టేగా? లోపం మీ చేతుల్లో ఉంది. ఆర్నెల్లు నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఈ ఇద్దరూ పాసు, మిగతా అందరూ ఫెయిలు."

ఎందుకమ్మ మాత్రం ఇరుక్కుపోయిన జతల వైపే చూస్తోంది. ఒకటీ అరా పట్టకపోతే సరే, అన్నీ ఒకేలా పట్టకపోవడం ఏమిటి? ఒకడు చెయ్యి తప్పుతాడు, ఇద్దరు తప్పుతారు, అందరూ ఒకే వెంట్రుక వాసి తప్పుతారా? ఇన్నాళ్లు మింగిన ప్రశ్నలన్నిటి బరువుతో అది బయటికి తన్నుకొచ్చింది.

"సార్, అన్నీ ఒకేలాగ ఎందుకు ఇరుక్కున్నాయి?"

"నీది పట్టిందిగా. నోరు మూసుకుని పక్కన నిలబడు."

"అదే సార్. అందరివీ పట్టకపోతే నాదీ పట్టకూడదు కదా."

పిండక్క ఆమె మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. అప్పుడు గానీ ఎందుకమ్మకు తను ఏమన్నదో అర్థం కాలేదు. కానీ మాట దాటిపోయింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆమె వైపు వస్తున్నారు. "పట్టకూడదా? ఎందుకని?"

సొరుగు సంగతి చెప్పింది. కొలిచిన సంగతి చెప్పింది. చివరికి గూడు అరగదీసిన సంగతీ చెప్పింది. మాస్టారు తిడతారని కళ్లు మూసుకుంది. ఆయన తిట్టలేదు. గబగబా అల్మారా దగ్గరికెళ్లి రెండు బ్యాచ్‌ల మైక్రోమీటర్లూ తెచ్చారు. మధ్యలో ఏమీ పెట్టకుండా దవడలు రెండూ ముద్దుపెట్టుకునేలా మూస్తే అది సున్నా చూపించాలి. పొద్దుటిది సున్నా చూపించింది. సాయంత్రంది సున్నాకంటే కిందికి దిగిపోయి కూర్చుంది. అంటే ఏది కొలిచినా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోంది. దాన్ని నమ్మి చేసిన ప్రతి దిమ్మా లావే.

"ఇది ఎప్పుడు కింద పడింది?" అన్నారు మాస్టారు.

సాయంత్రం బ్యాచ్ మొత్తం తమ చెప్పులు చూసుకుంది. "మేం పడెయ్యలేదు సార్. అదే పడింది" అన్నారెవరో.

"పడితే పడింది. పని మొదలెట్టే ముందు సున్నా చూసుకోవాలని చెప్పలేదా?" అని అరిచి, తర్వాత ఆయనే గొంతు తగ్గించారు. "నేనూ చూసుకోలేదు. చూడాల్సిన మొదటివాణ్ణి నేనే."

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. పొద్దుటి మైక్రోమీటర్ చేతికిచ్చి, దిమ్మలు దిద్దుకోమన్నారు. హాలంతా ఆకురాళ్ల చప్పుడు. లావైనదాన్ని సన్నం చేయడం ఎంతసేపు? ఒక్కొక్క దిమ్మా వెళ్లి తన గూట్లో హాయిగా కూర్చుంది. పిండక్క కూడా దిద్దుకుంది. జత నియమం ఆ ఒక్కసారికి పక్కనపెట్టి, ఆవిడ దిమ్మను మాస్టారు నక్షా ప్రకారం తనే చేసి అల్మారాలో దాచిన నమూనా గూట్లో పెట్టి చూశారు. పట్టింది. ఆవిడ పాసు.

మిగిలింది ఎందుకమ్మ గూడు. ఏ దిమ్మ పెట్టినా అందులో లొడలొడలాడింది. దిమ్మను ఇంకా తియ్యొచ్చు. గూట్లోంచి తీసేసిన ఇనుమును మళ్లీ ఎవరు తెచ్చి అతికిస్తారు? అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తనే గూటిని బల్ల మీద పెట్టేసి వెనక్కి జరిగింది.

"నేనీ అమ్మాయిని తీసుకోలేను" అంది కంపెనీ మేడం. కఠినంగా అనలేదు. "మా దగ్గర ఒకరు చేసిన ముక్క ఎవరు చేసినదానికైనా పట్టాలి. పక్కవాళ్లని చూసి దిద్దుకుంటే అది ఆ ఒక్కదానికే పనికొస్తుంది."

పిండక్క ఉండబట్టలేకపోయింది. "నా దిమ్మ లావుందని తెలిసినప్పుడు ఒక చీటీ రాసి సొరుగులో పడేస్తే పోయేదిగా పిచ్చిదానా!"

"మీరు బాధపడతారనుకున్నా" అంది ఎందుకమ్మ. కళ్లు నిండిపోయాయి.

మాస్టారు బల్లకు ఆనుకుని ఆమె వైపు తిరిగారు. "గడియారం గురించి అడిగావ్, పొట్టు గురించి అడిగావ్. నా ప్రాణం తోడేశావ్. ఇది ఎందుకు అడగలేదే?"

"ఆ రోజు ప్రశ్న అయిపోయింది సార్."

కంపెనీ మేడం తలెత్తి మాస్టారి వైపు చూసింది. ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. తుడిచిందే తుడుస్తూ నిలబడిపోయారు.

గేటు బయట స్కూటర్ మీద నాన్న, పక్కన మేనమామ ఎదురుచూస్తున్నారు. ఫెయిలని చెప్పగానే మామయ్య మొహం విప్పారింది. వెంటనే మర్యాద గుర్తొచ్చి ముడుచుకుంది. "పోనీలే తల్లీ, మన కొట్టు ఎక్కడికి పోతుంది? రేపే వచ్చెయ్" అన్నాడు. నాన్న స్కూటర్ స్టార్ట్ చేయబోయాడు.

మాస్టారు వెనకాలే వచ్చారు. ఆయన వెనక పిండక్క. "తప్పు మీ అమ్మాయిదే, దాచేదేం లేదు" అన్నారు మాస్టారు. "అందులో నా వాటా కూడా ఉంది. వచ్చే నెల కొత్త బ్యాచ్ మొదలవుతుంది. ఇంకొక్కసారి పంపించండి."

నాన్న మాస్టారి వైపు తిరిగాడు. "మిగతా పిల్లలందరూ పాసట కదా సార్, గేటు దగ్గర చెప్పుకుంటున్నారు. ముందు పట్టింది మా అమ్మాయిదొక్కటే అని కూడా అన్నారు. పట్టినవాళ్లు ఫెయిలవడమేంటి?"

"ఆమెనే అడగండి" అన్నారు మాస్టారు.

ఎందుకమ్మ సంచిలోంచి గూడు తీసింది. పిండక్క తన దిమ్మ ఇచ్చింది. స్కూటర్ సీటు మీద పెట్టి, మైక్రోమీటర్ పడిపోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పింది. నాన్న దిమ్మను గూట్లో వేసి కదిపి చూశాడు. లొడలొడమంది.

"చెప్పకపోయి ఉంటే?" అన్నాడు.

"నేనూ ఈ అక్కా పాసు. మిగతా అందరూ ఇంటికి."

"చెప్పే ముందు ఇదంతా ఆలోచించావా?"

"లేదు నాన్నా. ఎందుకా అని అడిగేశాను. అడిగాక తెలిసింది."

చిన్నప్పట్నుంచీ ఆ మాట వినగానే విసుక్కున్న మనిషి. ఇవాళ విసుగు రాలేదు.

"బావా, కొట్టుకి ఇంకెవర్నైనా చూసుకో" అన్నాడు మేనమామతో.

"అదేంటి బావా! ఇప్పటికిప్పుడు నాకెవరు దొరుకుతారు?"

నాన్న గూట్లోంచి దిమ్మను తీసి, మళ్లీ వేసి, వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత స్కూటర్‌కి స్టాండ్ వేశాడు.

"సార్, వెంట్రుక వాసి కూడా కొలుస్తుందని మా అమ్మాయి అంటోందే, ఆ మైక్రోమీటర్ ఎలా ఉంటుంది? లోపలికొచ్చి ఒకసారి చూడొచ్చా?" అని అడిగాడు.